కళింగపట్నం ఒడ్డున గుంపుగా ఒక్కపూట కయాకింగ్: ఎలా వెళ్ళి ఎలా తిరిగి రావాలి

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం బీచ్‌కి వెళ్ళేవాళ్ళు చేసేది దాదాపు ఒకటే. లైట్‌హౌస్ పడేలా ఒక ఫొటో, మోకాలి లోతు నీళ్ళలో కాసేపు కేరింతలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, చీకటి పడేలోపు ఇంటికి. అదే ఊరిని ఒక్కసారి కయాక్ ఎక్కి, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ ఎక్కి, నీళ్ళ మీద నుంచి చూడండి. బీచ్ రోడ్డు, లైట్‌హౌస్, ఒడ్డు మీదకి లాగిపెట్టిన బోట్లు, వెనక సరుగుడు చెట్లు, అన్నీ చిన్నబోయి బొమ్మల కొలువులా కనిపిస్తాయి. ఆ ఒక్క చూపు కోసమే నేను ప్రతి చలికాలం నా వాళ్ళని పోగేసి తీసుకెళ్తుంటాను. ఎలా వెళ్ళాలని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, అందుకే అంతా ఒకేచోట రాస్తున్నాను.

ఇది మొదటిసారి వెళ్ళే ఆరేడుగురి గుంపు కోసం. ఎనిమిది దాటితే రెండు గుంపులు చేసుకోండి. గుంపులో కనీసం ఇద్దరికి సముద్రంలో తెడ్డు వేసిన అనుభవం ఉండాలి, అందరికీ ఈత రావాలి. ఈత రాకపోతే ఏం, లైఫ్ జాకెట్ ఉందిగా అనేవాళ్ళని ఒడ్డునే ఉంచండి. ఒడ్డున ఒక మనిషి ఎలాగూ కావాలి.

రోజు చూసుకోవడం

మంచి కాలం డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. మార్చి దాటితే నైరుతి వైపు నుంచి గాలి బలం పుంజుకుంటుంది, ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరబోట్లు ఒడ్డున ఉంటాయి కాబట్టి మీకేమైనా అయితే నీళ్ళ మీద పలికేవాడు ఉండడు. ఆ తర్వాత రుతుపవనాల కెరటాలు, వంశధారలో వరద. అక్టోబరు, నవంబరు తుపాన్లవి. మనకి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు: 2018 అక్టోబరులో తిత్లీ మన జిల్లాలోనే తీరం దాటింది, 2021 సెప్టెంబరు 26న గులాబ్ సరిగ్గా ఈ కళింగపట్నం దగ్గరే దాటింది. వాయుగుండం అనగానే వార్తల్లో కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ పోర్టుల్లో ఫలానా నంబరు హెచ్చరిక అని చదువుతారు చూశారా, ఓడలు రాని రేవుకి హెచ్చరిక ఏమిటని చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు ఒకటో నంబరు ఎగరేశారంటే ఆ వారం కయాక్ మాట ఎత్తను.

నెల కుదిరాక తిథి చూడండి. వంటింట్లో వేలాడే క్యాలెండర్ చాలు. అమావాస్యకీ పున్నమికీ పోటు బాగా ఎక్కుతుంది, అంతే బలంగా దిగుతుంది. అష్టమి దాటి నవమి, దశమి ప్రాంతంలో ఎక్కడం దిగడం రెండూ తక్కువ, నీళ్ళకి వడి ఉండదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఆ రోజులే మంచివి. నీళ్ళు ఎక్కేదాన్ని పోటు, దిగేదాన్ని పాటు అంటారు, పుస్తకాల్లో ఆటుపోట్లు అని రాసేది దీన్నే. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య దాదాపు పన్నెండున్నర గంటలు, అంటే ఇవాళ ఎనిమిదికి వచ్చిన పోటు రేపు ఇంకో యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. విశాఖపట్నం పోటు పట్టిక ఫోన్‌లో దొరుకుతుంది, అది చూసి ఓ అరగంట అటూ ఇటూ వేసుకోండి. మీకు కావాల్సింది పొద్దున్న ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య నిండు పోటు వచ్చే రోజు. అలాంటి రోజుకి నవమి, దశమి కూడా కలిసి రాకపోతే రెంటిలో తిథికే ఓటు వేయండి, వేళని మీరు సర్దుకోవచ్చు.

ఇక గాలి, కెరటం. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, దేశం చుట్టూ సముద్రం ఎలా ఉండబోతోందో కెరటం ఎత్తుతో సహా ముందే చెబుతుంది. బయలుదేరే ముందు మూడు రోజులూ చూడండి. గాలి గంటకి 18 కిలోమీటర్ల లోపు ఉంటే వెళ్ళండి, పాతిక దాటితే మానేయండి, మధ్యలో ఉంటే వంశధార ఏరు వరకే ఉంచుకుని సముద్రం వదిలేయండి. ఒక్కోసారి మన దగ్గర ఆకు కదలకపోయినా ఎక్కడో దక్షిణాన వేల కిలోమీటర్ల అవతల పుట్టిన అలలు ఇక్కడిదాకా వచ్చి ఒడ్డున ఎత్తుగా విరుగుతాయి. కాబట్టి గాలి లేదు కదా అనుకోకుండా కెరటం లెక్క విడిగా చూడాలి.

పడవలు, సామాను

కయాక్‌లు స్థూలంగా రెండు రకాలు. అసలు సముద్రపు కయాక్ అంటే నడుం దాకా లోపలికి దూరి కూర్చునేది. పదహారు పదిహేడు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నీళ్ళు లోపలికి రాకుండా నడుముకి తొడుగు. వేగం బాగుంటుంది, కానీ బోల్తా పడితే ఆ తొడుగు ఊడదీసుకుని బయటికి రావడం, మళ్ళీ ఎక్కడం ఎవరైనా దగ్గరుండి నేర్పాలి. రెండోది పైన కూర్చునేది. ప్లాస్టిక్ పెంకు, గట్టిది, కిందికి చిల్లులుంటాయి, పైకెక్కిన నీళ్ళు వాటిలోంచి వాటంతటవే పోతాయి. మన తెప్ప గుర్తొచ్చిందా? నాలుగు దుంగలు కట్టిన తెప్ప చేసేదీ అదే, నీళ్ళు సందుల్లోంచి జారిపోతాయి తప్ప అది మునగదు. మన మత్స్యకారులు ఎప్పటినుంచో చేస్తున్నదాన్ని రంగు వేసి మనకి అమ్ముతున్నారు. మీరు ఈ రెండో రకమే తీసుకోండి.

నాలుగు ఇద్దరు కూర్చునేవి తెచ్చుకుంటే జతలు కుదురుతాయి, బలమైనవాళ్ళ పక్కన బలహీనుల్ని వేయొచ్చు. విశాఖ దగ్గర రుషికొండ వైపు నీటి ఆటలు నడిపేవాళ్ళని అడిగితే అద్దెకి దొరికే దారి చెబుతారు. ఒక్కోటి పాతిక ముప్ఫై కిలోలు ఉంటుంది, టాటా ఏస్‌లో కింద పాత పరుపు పరిచి తాళ్ళతో కట్టండి. కారు పైన కట్టి రావొచ్చు గానీ ముందు వెనక కూడా తాడు బిగించాలి, మధ్యలో కట్టినది హైవే మీద గాలికి లేస్తుంది.

లైఫ్ జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, చెవుల దాకా వచ్చిందంటే అది మీ సైజు కాదు. గాలి ఊదే ట్యూబులు జాకెట్ కింద లెక్క కాదు. ప్రతి జాకెట్‌కీ ఒక విజిల్ కట్టండి. ఒక తెడ్డు అదనంగా, పదిహేను మీటర్ల తాడు ఒకటి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, పొడుగు చేతుల చొక్కా, గడ్డం కింద కట్టుకునే టోపీ, కళ్ళజోడుకి తాడు, మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులు. జీన్స్ వద్దు, తడిస్తే కాళ్ళకి బండలు కట్టినట్టే. ఫోన్ పెట్టే నీళ్ళు దూరని సంచిని ముందురోజు రాత్రి లోపల కాగితం పెట్టి బకెట్‌లో ముంచి చూడండి. కాగితం తడవకపోతే అప్పుడు ఫోన్ పెట్టండి.

తిండికి నా ఓటు చోడి (రాగి) అంబలికి. సీసాలో పోసుకుని మూత బిగిస్తే సరి, కడుపులో చల్లగా ఉంటుంది, తెడ్డు వేస్తూ కూడా తాగొచ్చు. పులిహోర ఒడ్డుకి వచ్చాక.

ఎవరికి చెప్పాలి

కళింగపట్నంలో మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంది. ముందే వెళ్ళి ఎంతమంది, ఏ రంగు పడవలు, ఎక్కడ దిగుతారు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి, అనుమతి గురించి అక్కడే అడగండి. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం గుర్తున్నవాళ్ళెవరూ పడవ మీద వెళ్తామంటే ఊరికే ఊ అనరు, అనకూడదు కూడా. వద్దంటే వాదించకండి. అదే కాగితం ఇంకో కాపీ ఒడ్డున ఉండే మనిషికి ఇవ్వండి. చెప్పిన టైముకి అరగంట దాటితే మీకు ఫోన్ చేయాలి, గంట దాటితే మెరైన్ పోలీసుల 1093కి, కోస్ట్‌గార్డ్ 1554కి చేయాలి. ఆ నంబర్లు కాగితం మీదే ఉండాలి, ఆ కంగారులో ఎవరికీ గుర్తు రావు.

రెండో మాట బోట్ల దగ్గర ఉండే పెద్దవాళ్ళతో. తెల్లారే వెళ్ళి టీ తాగుతూ అడగండి. ఒకసారి నా ఫోన్‌లో అంతా పచ్చగా ఉంది, గాలి లేదు, కెరటం లేదు. వల సర్దుకుంటున్న ఒక తాత నా ఫోన్ వైపు కూడా చూడలేదు. "పదయ్యాక గాలి తిరిగిపోద్ది బావూ, ఆ ముందే ఒడ్డుకొచ్చీండి" అన్నాడు. పదీ పావుకి టోపీలు ఎగిరాయి.

బోల్తా కొట్టడం నేర్చుకోండి

ఇది వెళ్ళే రోజు కాదు, ముందు వారం చేయాలి. నాగావళి శ్రీకాకుళం ఊళ్ళోంచే పోతోంది కదా అనిపిస్తుంది గానీ చలికాలంలో అందులో చాలాచోట్ల ఇసకే, నీళ్ళున్న చోట ఊరి మురుగు. వంశధారలోనో ఏదైనా శుభ్రమైన చెరువులోనో నడుం లోతు నీళ్ళు చూసుకోండి.

ప్రతి ఒక్కరూ కావాలని పడవ తిరగేయాలి, రెండుసార్లు. పడగానే మొదటి పని పడవని పట్టుకోవడం, గాలికి అది మీ కంటే వేగంగా పోతుంది. రెండోది తెడ్డు. బోర్లా పడి ఉంటే అటువైపు అంచు అందుకుని మీ వైపు లాగి తిప్పండి. తర్వాత పడవకి మధ్యలో, పక్కన, నీళ్ళలో బోర్లా తేలండి. కాళ్ళు కిందికి వేలాడనిస్తే అవి పడవ కిందికి పోతాయి, మీరు ఎన్నిసార్లు ఎగబాకినా పడవ మీ మీదికే తిరుగుతుంది. కాళ్ళు వెనక్కి చాపి ఈత కొడుతున్నట్టు గట్టిగా తన్నుతూ, పడవని కిందికి నొక్కి పొట్ట దాని మీదకి తేండి. పొట్ట ఆనాక వెల్లకిలా తిరగండి, పిర్ర సీటులోకి వస్తుంది. అప్పుడు కాళ్ళు. పొట్ట, పిర్ర, కాళ్ళు, ఈ వరస నోటికి వచ్చేదాకా చేయించండి. ఎక్కేవాళ్ళకి ఎదురువైపు ఇంకో పడవని ఆనించి దాన్లో ఉన్నవాళ్ళు అంచు నొక్కి పట్టుకుంటే సగం పని తేలిక.

మా గుంపులో ఈ సాధన చేయనని మొండికేసింది ఒక్కడే, మా బావమరిది. చెరువులో బాగా ఈత వచ్చు, అదే వాడి ధైర్యం. వాడి కథ ఇంకాసేపట్లో.

సైగలు కూడా అప్పుడే. విజిల్ ఒకసారి అంటే ఇటు చూడండి, మూడుసార్లు అంటే ఆపద. తెడ్డు నిలువుగా ఎత్తితే నా దగ్గరికి రండి, తల మీద అడ్డంగా పట్టుకుంటే ఆగండి. తెడ్డుతో ఎటు చూపిస్తే అటే వెళ్ళాలి. ప్రమాదం ఉన్నవైపు ఎప్పుడూ చూపించకూడదు, ఎందుకంటే చూసేవాళ్ళు అటే వస్తారు. ముందు ఒక అనుభవస్తుడు, చివర ఇంకొకడు. ముందోణ్ణి ఎవరూ దాటకూడదు, చివరోడి వెనక ఎవరూ ఉండకూడదు, పిలిస్తే వినపడేంత దూరంలోనే అందరూ. ముందోడు అందరికంటే నెమ్మదైన పడవ వేగంతో పోవాలి. గుంపుగా వెళ్తే గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు వేసుకోండి, చాలు.

ఏరు మీద

శ్రీకాకుళంలో ఐదింటికి బయలుదేరితే తెల్లారేసరికి కళింగపట్నంలో ఉంటారు. సముద్రం చూడగానే అందరూ అటే పరిగెడతారు, ఆపండి. ముందు వంశధార. మొగకి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటుకి, బాగా ఎగువన, నీళ్ళు నిదానంగా ఉన్నచోట ఏడింటికల్లా దిగండి. పోటు ఎక్కుతోంది కాబట్టి నీళ్ళే మిమ్మల్ని పైకి తీసుకెళ్తాయి. చేతులు అలవాటు పడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. భుజాలతో కాదు, నడుం తిప్పుతూ తెడ్డు వేయండి, పాదం పక్కన ముంచి తుంటి దగ్గర తీసేయండి. వెనక్కి లాగినకొద్దీ పడవ ముక్కు పక్కకి తిరుగుతుంది తప్ప వేగం రాదు.

ఇసక మేటల దగ్గర నీటి రంగు చూడండి. లేత రంగు అంటే లోతు లేదు, పడవ ఒరుసుకుంటుంది. ఎగువకి పోతుంటే ఎడమ చేతి వైపు శాలిహుండం కొండ. కళింగపట్నానికి ఐదు కిలోమీటర్ల పడమర, కొండ మీద బౌద్ధ స్తూపాలు. వాటిని 1919లో మొదట వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు గారు. ఈ వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి. నేనిలా నోటికొచ్చినట్టు తెలుగు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే, అందుకని అక్కడిదాకా వెళ్ళినప్పుడల్లా తెడ్డు ఆపి ఒక నిమిషం కూర్చుంటాను. కొండ అడుగుదాకా వెళ్ళాలని పట్టు పట్టకండి. ఒక గంట పైకి, నీళ్ళు నిలబడ్డట్టు అనిపించగానే వెనక్కి.

వల బెండ్లు వరసగా తేలుతూ కనిపిస్తే దాటకండి, చుట్టూ తిరిగి వెళ్ళండి. అది ఒకరి ఆ రోజు కూడు.

మొగ

ఏరు సముద్రంలో కలిసే చోటు. దూరం నుంచి చూస్తే చిన్న తోవ, అవతల సముద్రం, నాలుగు తెడ్లు వేస్తే దాటిపోతాం అనిపిస్తుంది. నేను మొదటి ఏడాది అలాగే అనుకున్నాను.

అప్పటికి పోటు అయిపోయి గంటన్నర. తిథి కూడా చూడలేదు, పున్నమి వెళ్ళిన మర్నాడు. ఏట్లోకి ఎక్కిన నీళ్ళన్నీ ఆ ఇరుకు సందులోంచి దిగుతున్నాయి, అటునుంచి కెరటాలు వస్తున్నాయి. పారే నీటికి ఎదురొచ్చిన కెరటం సాగలేదు, ముడుచుకుని నిటారుగా లేచి అక్కడే విరుగుతుంది. ఒడ్డున మోకాలెత్తు ఉన్న అల అక్కడ నడుమెత్తు అయింది. మా బావమరిది పడవ పక్కకి తిరిగింది, అంతే. వాడు ఎక్కడానికి చేసిన మొదటి ప్రయత్నంలో కాళ్ళు పడవ కిందికి పోయాయి, రెండోదానికి తెడ్డు పోయింది, మూడోదానికి ఊపిరి. నేను వాణ్ణి పట్టుకుందామని వెళ్ళేలోపు ఇద్దరం లైట్‌హౌస్ మనిషి వేలంత కనపడే దూరానికి కొట్టుకుపోయాం. ఏట్లో పది నిమిషాలు పట్టే దూరం అక్కడ రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

వలలు తీసుకుని వస్తున్న ఒక ఫైబర్ బోటు మమ్మల్ని చూసింది కాబట్టి ఇది రాస్తున్నాను. తాడు విసిరి లాక్కొస్తూ ఆ బోటాయన మా వైపు తిరగకుండానే అన్న మాట: "పాటు దిగినప్పుడు మొగలోకి ఎల్తారేటి బావూ? ఓ గంట కూకుంటే నీరే మెత్తబడిపోను గదా, ఆ మాత్రం ఓపిక నేదేటి?" కారు తాళం బావమరిది జేబులో ఉంది. ఉండేది. మధ్యాహ్నం మూడింటి దాకా రెండో తాళం కోసం తడిబట్టలతో ఎదురుచూశాం.

అందుకని నా పద్ధతి ఇది: మొగ దాటకండి. నీళ్ళు ఎంత నిలకడగా కనపడ్డా మొదటిసారి వెళ్ళేవాళ్ళు దాటొద్దు. ఏట్లో పడవలు ఎక్కిన చోటికే తిరిగొచ్చి ఒడ్డెక్కి, వాటిని టాటా ఏస్‌లో వేసుకుని బీచ్‌కి తీసుకెళ్ళండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆ పది నిమిషాల్లో అంబలి తాగొచ్చు.

సముద్రం మీద

బీచ్‌కి వచ్చాక పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. కెరటాలు విడివిడిగా రావు, వరసలు వరసలుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి, తర్వాత కాసేపు చిన్నవి. ఆ చిన్నవాటి వేళే మీది. ఎక్కడైనా రెండు వైపులా తెల్లగా విరుగుతూ మధ్యలో మాత్రం నిశ్శబ్దంగా, కాస్త మట్టి రంగులో ఉంటే అది దారి కాదు, ఒడ్డుకొచ్చిన నీళ్ళు లోపలికి తిరిగి పోయే వాగు. మనిషి అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు వెంట పక్కకి ఈదాలి. కెరటం ఛాతీ ఎత్తులో విరుగుతుంటే సముద్రం మానేసి పులిహోర తీయండి.

అలివి వల లాగుతుంటే, అంటే ఒడ్డున రెండు చోట్ల జనం వరసగా నిలబడి తాళ్ళు లాగుతుంటే, ఆ రెంటి మధ్య నీళ్ళన్నీ వాళ్ళవి. అయిపోయేదాకా ఆగండి, వీలైతే ఒక చెయ్యి వేయండి.

ఒక్కొక్క పడవే దిగాలి. ముక్కు కెరటానికి సూటిగా ఉండాలి, వంకరగా ఉంటే తిప్పేస్తుంది. మోకాలి లోతులో కూర్చుని ఒక్క తెడ్డు కూడా ఆపకుండా లాగండి. కెరటం ఎదురొస్తే చాలామంది వెనక్కి వాలి తెడ్డు ఎత్తేస్తారు, అక్కడే పడతారు. ముందుకి వంగి దాన్లోకి తెడ్డు గుచ్చండి. విరిగే చోటు దాటాక ఒడ్డుకి నూట యాభై, రెండు వందల మీటర్లలో అందరూ చేరేదాకా ఆగండి.

ఇప్పుడు ఎటు? మొగకి ఎదురు దిక్కుగా, నైరుతికి. ఎందుకంటే ఫిబ్రవరి నుంచి మన తీరం వెంట నీళ్ళు ఈశాన్యంగా, భావనపాడు వైపు జరుగుతుంటాయి. మొగ ఉన్నది అటే. ముందు నైరుతికి వెళ్తే వచ్చేటప్పుడు నీళ్ళే తోడొస్తాయి. దిగిన చోటు దాటి కొట్టుకుపోకుండా ఒడ్డున ఒక గుర్తు, లైట్‌హౌస్‌నే, పెట్టుకోండి. ఎటూ జరగట్లేదు అనిపించినప్పుడు లైట్‌హౌస్‌నీ దాని ముందున్న ఏదో ఒక చెట్టునీ కలిపి చూడండి, రెండూ విడిపోతుంటే మీరు జరుగుతున్నట్టే.

పొద్దున్న పూట ఇంకో మోసం ఉంది. గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంటుంది, అప్పుడు నీళ్ళు అద్దంలా ఉంటాయి, వెళ్ళేటప్పుడు ఎంత తేలిగ్గా పోతున్నామో అనిపిస్తుంది. ఆ తేలిక మీ చేతులది కాదు, మీ వీపు వెనక గాలిది. అందుకే ఒడ్డుకి దూరం పోకుండా ఒడ్డు వెంటే పోవాలి. అరగంట వెళ్ళి తిరగండి. ఈ అరగంటలోనే మొదట్లో చెప్పిన ఊరు కనిపిస్తుంది, తెడ్లు ఒళ్ళో పెట్టుకుని చూడండి. ఎండ నీళ్ళ మీంచి కొట్టి గడ్డం కింద, ముక్కు కింద కాలుస్తుంది, అక్కడ కూడా క్రీము రాయండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం, తల ఒకటి నీళ్ళలోంచి పైకొచ్చి గాలి పీల్చి మునగొచ్చు. వెంటపడకండి. ఒడ్డున గుడ్లకి కంచె కట్టిన చోట పడవలు ఈడ్చకండి.

పదికల్లా ఒడ్డు వైపు తిరగాలి. నీళ్ళలోకి దిగడం కంటే ఒడ్డెక్కడం కష్టం, అప్పటికి చేతులు అలిసిపోయి ఉంటాయి. ముందు అనుభవస్తుడు ఒక్కడే వెళ్ళి ఒడ్డున నిలబడి తెడ్డుతో సైగ చేయాలి, అప్పుడు ఒక్కొక్కరు. పెద్ద వరస అయిపోనిచ్చి ఆఖరి కెరటం వీపు మీద రండి, దాని ముందు కాదు. వెనక ఇంకోటి తరుముకొస్తుంటే ఒక్క క్షణం వెనక్కి తెడ్డు వేసి దాన్ని కిందనుంచి పోనివ్వండి. మోకాలి లోతు రాగానే సముద్రం వైపున దిగండి. పడవకీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ నిలబడకండి. నీళ్ళు తోసే పడవ మోకాళ్ళని విరిచేస్తుంది, ఇది మాత్రం పిల్లలకి కూడా గట్టిగా చెప్పండి.

తలలు లెక్కపెట్టండి. పడవల్ని మంచినీళ్ళతో కడగండి, ఉప్పు ఆరిపోతే మర్నాటికి బిగింపులు పట్టేస్తాయి. తర్వాత పులిహోర తీసేలోపే మెరైన్ స్టేషన్‌కీ, కాగితం ఇచ్చిన అందరికీ తిరిగొచ్చేశామని ఫోన్ చేయండి. పోయినేడు నేనిది మర్చిపోయి చెట్టు కింద కునుకు తీశాను. లేచేసరికి మా అత్తయ్య నుంచి పదకొండు మిస్డ్ కాల్స్, ఎదురుగా ఒక కానిస్టేబుల్ గారు మా పడవల రంగులు కాగితంతో సరిచూసుకుంటూ నిలబడి ఉన్నారు.